అరగని బుష్షు

దిగుడు 1వ రోజు

గాలి పుస్తకం పలక మీదే రాయాలని పై కమిటీ ఉత్తర్వు. వేలితో రాస్తే అక్షరాలు పడే కొత్త పలక ఒకటి ఇచ్చారు. పొద్దున పది గంటలకు తెరిచాను, పదీ ఇరవైకి ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు. అందుకని ఈ నోటుబుక్కులో పెన్సిలుతో రాస్తున్నాను. దీని కుట్టు కూడా అప్పుడే వదులవుతోంది. సూదీ దారం పక్కనే పెట్టుకున్నాను.

నా పేరు ఓబుళమ్మ. ఈ పాత బంగారు గనిలో మూడో వరస సొరంగానికి గాలి పంపే మిషనును చూసుకునేది నేను. ఇది నాకు ఏడో ఎండాకాలం. ఈ రోజుతో నూట పన్నెండు గడపలూ కిందికి దిగాయి. పైన వానలు పడేదాకా, ఎంత లేదన్నా రెండు వందల రోజులు, ఎవరూ ఎక్కేది లేదు. ఆ ఎండలోకి ఎక్కితే ఏమవుతుందో అందరికీ తెలుసు కాబట్టి రాయడం లేదు.

సాయంత్రం ఎవరి గదుల్లో వాళ్లు గాలి గొట్టం నోటికి గుడ్డపేలికలు కట్టుకున్నారు. పేలిక ఆడితే గాలి వస్తున్నట్టు, వాలితే మిషను ఆగినట్టు. ఇక్కడ చెడిపోని పరికరం అంటూ ఉంటే అదొక్కటే. చివరి గడప, నూట పన్నెండోది, మా చెల్లెలు తిరుపాలమ్మది. పోయి చూస్తే రెండు పేలికలు కట్టింది. ఒకటి తన పాత చీరది. రెండోది చిన్నది, పసుపుపచ్చది.

“ఇదెవరికే?” అన్నాను.

“ఎవురికంటే ఏం చెప్పేది? నాలుగో నెల గదక్కా” అంది.

రెండేళ్ల కింద తిరుపాలు వేరే గనిలో ఉండేది. అక్కడి వరసను మూసేస్తే మూడు రోజులు ఎండలో నడిచి ఇక్కడికి చేరింది. అప్పుడు ఆరో నెల. ఆ బిడ్డ దారిలోనే పోయింది. వరసను మూసేయడానికి నియమం ఒకటే: ఒక ఎండాకాలంలో మిషను చెప్పాపెట్టకుండా పదిసార్లు ఆగితే, అక్కడ మనుషులు ఉండకూడదు. ఆగిన ప్రతిసారీ ఈ పుస్తకంలో రాయవలసింది నేను. ఏడేళ్లలో ఒక్కటి కూడా దాచలేదు.

ఆగుళ్లు: సున్నా.

దిగుడు 5వ రోజు

మిషను బాగానే ఉంది. మిగతావి చెప్పాలంటే, మా గరిటె కాడ ఊడింది. స్టవ్వు నాబు చేతిలోకి వచ్చేసింది. చెప్పుల పట్టీలు తెగి సగం వరస ఒట్టి కాళ్లతో తిరుగుతోంది. నూట ఏడో గడపలో మడతమంచం, మనిషి పడుకుని ఉండగానే మడతపడింది. లాంతరు పెట్టె మీద జీవితకాలపు గ్యారంటీ అని అచ్చువేశారు. ఎవరి జీవితమో రాయలేదు.

ఇక్కడి పిల్లలకు అక్షరాల కంటే ముందు కట్టు కట్టడం వస్తుంది. కొత్త వస్తువు రాగానే, విరిగేదాకా ఆగకుండా, ముందే ఇనుపతీగ చుట్టి పెట్టుకుంటాం. చెడిపోని వస్తువు కనబడితే మాకు భయం. నలభయ్యో గడపలో ఒక మిక్సీ రెండు ఎండాకాలాలు చెడకుండా తిరిగింది. ఇక ఏ పూటకు పేలుతుందో అని హడలిపోయి, బాగున్న మిక్సీని తీసుకెళ్లి చెత్తలో పారేశారు. అందరూ మంచిపని చేశారన్నారు. నేనూ అన్నాను.

ఆగుళ్లు: సున్నా.

దిగుడు 16వ రోజు

ముందుమార్పు చేశాం. మిషను ఇరుసు తిరిగేచోట అది అరిగిపోకుండా ఉంగరం లాంటి లోహపు తొడుగు ఒకటి ఉంటుంది. దాన్ని బుష్షు అంటాం. బెల్టు లాగే ఎడమవైపు బుష్షే ఎప్పుడూ ముందు పోతుంది. కంపెనీ కాగితంలో అయిదేళ్లు మన్నుతుందని ఉంది. మన్నేది పద్దెనిమిది రోజులు. అందుకని పదహారో రోజున మేమే ఆపి మార్చేస్తాం. మేము ఆపితే అది ఆగుడు కింద లెక్కకు రాదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక గంట కొట్టారు. మా గంట పళ్లెమంత వెడల్పు, రెండు వేళ్ల మందం ఉన్న కంచుబిళ్ల. ఈ గనిలో బంగారం తవ్విన కాలం నాటిది. అది మోగగానే పొయ్యిలు ఆర్పేసి వరసంతా నేల మీద వెల్లకిలా పడుకుంటుంది. మాట్లాడకూడదు, కదలకూడదు, ఉన్న గాలితోనే సరిపెట్టుకోవాలి. చంటిపిల్లలకు కూడా అలవాటైపోయింది. దీన్ని కదలని పూట అంటారు. మిషను దగ్గర పనిచేసే మేము కూడా నోరు విప్పం, చేతులతోనే సైగలు చేసుకుంటాం.

మేము అంటే నేనూ కుళ్ళాయప్ప మామా. ఆయనకు డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు పైన ఏదో షెడ్డులో లోహం చెక్కే లేతు మీద పనిచేశాడు. ఇరుసు ఎత్తిపట్టేదీ, కొత్త బుష్షు నా చేతికి అందించేదీ ఆయనే. పదకొండు నిమిషాల్లో అయిపోయింది. లేవమని మళ్లీ గంట కొట్టారు. మామ పాత బుష్షును వేళ్లమధ్య తిప్పి చూశాడు.

“ఇది బుష్షు గాదు ఓబుళా, బిస్కెట్టు.”

“అట్లనే రాయమంటావా?”

“రాయి, రాయి. నీకు రాసే రోగముండాది గదా” అన్నాడు.

ఆగుళ్లు: సున్నా.

దిగుడు 29వ రోజు

ఉదయం ఏడింటికి మిషను కీచుమని ఆగింది. బుష్షు పగిలింది. పదమూడు రోజులే వచ్చింది. పద్దెనిమిది నిమిషాల్లో మార్చాం.

పైతలుపు దాకా మెట్లెక్కి ఫిర్యాదుల ఫోను తీశాను. నా ఫిర్యాదు తమకెంతో విలువైనదని ఒక ఆడగొంతు చెప్పింది. తర్వాత వేణువు వాయించారు. మళ్లీ ఆ గొంతే వచ్చి అదే మాట చెప్పింది. మూడోసారి వేణువు మధ్యలో ఉండగా రిసీవరు చెవి దగ్గర ముక్క ఊడి నా చేతిలో పడింది. దాన్ని దారంతో కట్టి, పెట్టేసి దిగివచ్చాను.

ఆగుళ్లు: ఒకటి.

దిగుడు 41వ రోజు

పన్నెండో రోజున మళ్లీ పగిలింది. ఈసారి సామాను ఇచ్చే కిటికీ దగ్గరికే పోయాను. అక్కడ స్టోరు చూసే మద్దిలేటి పై వరసలో ఉంటాడు. మిషను పక్కకు దించే పెట్టెలో పాత ముక్కలు వేస్తే తాడుతో పైకి లాగుకుంటాడు, ముక్కకు ముక్క లెక్కన కొత్తవి దించుతాడు. పాతవాటిని కంపెనీ వాళ్లు నుజ్జు చేసి తీసుకుపోతారు.

“మద్దిలేటీ, ఇవి రోజురోజుకూ చెడిపోతాండాయి కదప్పా. పాత సరుకు ఏమన్నా మిగిలుంటే చూడు.”

“యాడ మిగిలుంటాదక్కా? పెట్టె మీద చూడు, మెరుగుపరిచిన రకం అని వేసిండారు. ఇదే బాగుండేదంట.”

“బాగుండేది ఇదైతే, బాగలేంది ఎట్లుంటాదో?”

“నేను ఇచ్చేవాణ్ణే గానీ చేసేవాణ్ణి కాదు గదక్కా” అన్నాడు. అతని మీద కోప్పడి లాభం లేదు. అయినా కొంచెం కోప్పడ్డాను.

దిగివచ్చేసరికి కుళ్ళాయప్ప మామ సైకిలు చక్రంతో తాను కట్టుకున్న చిన్న లేతు ముందు కూర్చుని ఏదో అరగదీస్తున్నాడు. ఏం చేస్తున్నావంటే, పొద్దుపోక అన్నాడు.

ఆగుళ్లు: రెండు.

దిగుడు 58వ రోజు

ఈ పదిహేడు రోజుల్లో అయిదుసార్లు ఆగింది. ఎనిమిది రోజులు, నాలుగు, రెండు, రెండు, ఒకటి, బుష్షులు అట్లా వచ్చాయి. వరసలో ఎవరూ నన్నేమీ అనరు. నేను నడుస్తుంటే మాత్రం నా మొహం చూసి, వెంటనే పేలిక వైపు చూస్తున్నారు.

ఇక పదహారు రోజుల లెక్క పెట్టుకుంటే మునిగిపోతాం. పగలకుండా ఎనిమిది రోజులు వస్తే చాలు, ఎనిమిదో రోజున తీసేయడమే అని తీర్మానించాం. ఈ రోజు వేసిన బుష్షును మామ తన అంగీ జేబులోంచి తీసి ఇచ్చాడు. పెట్టెలోంచి ఎందుకు తీయలేదని అడగబోయాను గానీ చేతిలో పని ఉంది.

తిరుపాలు తన గదిలో గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తోంది. ఏడు గీతలున్నాయి. నేను చెప్పకుండానే సరిగ్గా గీసింది.

ఆగుళ్లు: ఏడు.

దిగుడు 61వ రోజు

బుష్షు వేడెక్కిందో లేదో చూసే ముల్లు చెడిపోయినట్టుంది. మామూలుగా మూడో రోజుకు ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరుతుంది. ఈసారి మొదట ఉన్నచోటే ఉంది. ఇంత చల్లగా ఏ బుష్షూ ఉండదు. కొత్త ముల్లు బిగించాను.

ఆగుళ్లు: ఏడు.

దిగుడు 64వ రోజు

కొత్త ముల్లు కూడా చల్లగానే చూపిస్తోంది. ఈ ముళ్ల సరుకంతా ఇంతే కాబోలు. ఫిర్యాదు చేయాలంటే ఫోను దాకా ఎక్కాలి, ఎక్కలేదు.

మిషను చప్పుడు కూడా తగ్గింది. నిద్ర సరిగా పట్టడం లేదు.

ఆగుళ్లు: ఏడు.

దిగుడు 66వ రోజు

ఎనిమిది రోజులైంది కాబట్టి ముందుమార్పు చేశాం. గంట కొట్టారు, వరసంతా పడుకుంది. తీసిన బుష్షు మీద నంబరు లేదు, చెరిగిపోయినట్టుంది. అరుగుదల లేదు. ఎనిమిది రోజులు తిరిగి అరగకపోవడం అనుమానంగా ఉంది, లోపల ఎక్కడో బీట ఉండవచ్చు. పైకి పోయే పెట్టెలో వేశాను.

మామ చెయ్యి ఎత్తాడు. ఏదో అనబోయినవాడు ఆగిపోయాడు. కదలని పూట కదా, నేనూ అడగలేదు. లేపే గంట ఇంకా కొట్టకముందే మద్దిలేటి పైనుంచి తాడు లాగి పెట్టె తీసుకుపోయాడు.

ఆగుళ్లు: ఏడు.

దిగుడు 70వ రోజు

నాలుగో రోజుకే పగిలింది. ఇరవై నిమిషాలు పట్టింది. మామ రెండు పూటలుగా అన్నం ముట్టలేదు. ఒంట్లో బాగోలేదా అంటే తల అడ్డంగా ఊపాడు.

ఆగుళ్లు: ఎనిమిది.

దిగుడు 73వ రోజు

ఉదయం ఎనిమిదింటికి, అందరి పొయ్యిలూ వెలుగుతున్న సమయంలో ఆగింది. బుష్షు రెండు ముక్కలై ఇరుసులో ఇరుక్కుంది. ఉలి పెట్టి కొట్టి తీయవలసి వచ్చింది. ముప్పై ఒక్క నిమిషాలు.

మిషను తిరగగానే చివరి గడపకు పరుగెత్తాను. తిరుపాలు గొట్టం నోటికి మొహం ఆనించి కూర్చుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. నన్ను చూసి ముందుగా తొమ్మిదో గీత గీసింది.

“అక్కా, ఇంకొకటేనా?”

“ఇంకొకటే.”

“నేను నడవలేనక్కా. ఈ తూరి నేను నడవను. మూసేస్తే మూసేసుకోమను, నేను ఈడనే పడుకుంటా.”

పక్కన కూర్చున్నాను. ఊరికే వీపు రుద్దాను. భయమేసింది అని రాయడానికి ఈ పుస్తకంలో గడి లేదు కాబట్టి ఇక్కడే రాస్తున్నాను: చాలా భయమేసింది.

మిషను దగ్గర మామ నా కోసం కాచుకుని ఉన్నాడు.

“ఓబుళా, ఒక మాట చెప్పాల. ఆ పుస్తకం మూసి పక్కన పెట్టు.”

పెట్టాను.

“ఎనిమిది దినాలు ఆడింది గదా ఒక బుష్షు. అది కంపెనీది గాదు. గని అడుగున పాత పంపు ముక్క దొరికితే, దాంతో నేను చేసినా.”

గట్టిగా అరిచాను.

“చేసినోడివి నాకెందుకు చెప్పలేదు మామా?”

“చెప్తే నువ్వు రాస్తావు. బయటి ముక్క వేసినామని తెలిస్తే కంపెనీ సీలు పీకేస్తాది, ఇంక సామాను రాదు. గమ్మునుంటే దాని పాటికి అది ఆడతా ఉంటాది లెమ్మనుకుంటి.”

“నేను తీసేటప్పుడన్నా చెప్పాల గదా!”

“ఎట్ల చెప్పేది? నూట పన్నెండు గడపలు ఊపిరి బిగబట్టి పడుకోనుండె. కదలని పూట మాట్లాడొచ్చునా? గంట కొట్టేలోపల పెట్టె పైకి పాయె.”

ఇది తప్పని ఎవరంటారు? నేనైనా మాట్లాడేదాన్ని కాదు. ఆయన పోయాక పుస్తకం తెరిచి అరవై ఆరో రోజు చూసుకున్నాను. అరుగుదల లేదు, అనుమానంగా ఉంది. నా చేతిరాతే. ఏడేళ్లుగా పగిలినవాటినే చూసి చూసి, పగలనిది చేతిలోకి వస్తే పారేశాను.

ఆగుళ్లు: తొమ్మిది.

దిగుడు 74వ రోజు

కిటికీ దగ్గరికి పోయి అడిగాను. అరవై ఆరో రోజున పైకి పోయిన పెట్టెలోని ముక్కలన్నీ ఆ సాయంత్రమే నుజ్జయిపోయాయని మద్దిలేటి చెప్పాడు. మామ దగ్గర ఇంకో పంపు ముక్క లేదు. ఇప్పుడు తిరుగుతున్న కంపెనీ బుష్షుకు రెండు రోజులే గడువు. ముల్లు అప్పుడే పైకి లేస్తోంది.

కంచు కావాలి, అదీ మందంగా ఉన్నది. గిన్నెలు పలుచన, చెంబులు పలుచన. మధ్యాహ్నం అన్నాలకు పిలుస్తూ గంట ఒక్క దెబ్బ కొట్టారు; వరసగా మోగితేనే కదలని పూట. ఆ చప్పుడు విని మామా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

ఇంటికొకరు చొప్పున మిషను ముందు చేరారు. విషయం ఉన్నదున్నట్టు చెప్పాను, నేను పారేసిన సంగతితో సహా. ఎవరూ తిట్టలేదు. నలభయ్యో గడప ముసలామె, మిక్సీ పారేసినావిడే, ఒక్క ప్రశ్న అడిగింది.

“గంట కోసేస్తే కదలని పూట లేచేదెట్లమ్మా?”

“మార్చే దినం అన్నాలైనాక పడుకోండి. పేలిక వాలుతాది. మళ్లా ఆడతానే లేయండి, అంతే” అన్నాను.

“మళ్లా ఆడకపోతే?”

“అప్పుడు గంటున్నా లేసేదేముందవ్వా?” అన్నాడు మామ. కోసుకోండి అంది ఆమె.

ఆగుళ్లు: తొమ్మిది.

దిగుడు 75వ రోజు

నిన్నటి నుంచి నేను చక్రం తిప్పుతున్నాను, మామ కోస్తున్నాడు. గంట కంచు పెళుసు, తొందరపడితే ముక్కలవుతుంది. గంట ఒక్కదాని మందం చాలదని రెండు ఉంగరాలు కోసి, పక్కపక్కన తొడిగేలా చేశాడు. మొదటిది ఆఖరి నిమిషంలో బీట ఇచ్చింది. మామ దాన్ని చూసి తిట్టలేదు, పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టాడు. బిళ్లలో ఇక ఇంకో తప్పుకు చోటు లేదు. ఆయన వేళ్లు వణుకుతాయి గానీ ఉలి లోహానికి తగిలిందంటే వణుకు ఆగిపోతుంది. ఇన్నేళ్లు పక్కనే ఉండి ఇది ఎప్పుడూ గమనించలేదు.

పదకొండింటికి కంపెనీ బుష్షు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. పన్నెండింటికి మామ చేతులు తుడుచుకున్నాడు. అన్నాలు పెందలాడే తినేసి అందరూ పడుకున్నారు. పదకొండు నిమిషాల పని పధ్నాలుగు నిమిషాలు పట్టింది. పేలికలు వాలాయి, మళ్లీ లేచాయి, వాటిని చూసి జనం లేచారు. తీసిన కంపెనీ బుష్షు నా చేతిలోనే రెండుగా విడిపోయింది.

పుస్తకంలో భాగం నంబరు అనే గడి ఉంది. అందులో కుళ్ళాయప్ప అని రాశాను.

“రాసినావా?” అన్నాడు మామ.

“రాసినా.”

“సీలు పోతాది.”

“పోనీ మామా. పారేసిన దినం కూడా నిజమే రాసినా. ఇది మాత్రం ఎట్ల దాచేది?”

తన పేరు ఏ గడిలో ఉందో చూపించమన్నాడు మామ. చూపించాను. కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు.

ఆగుళ్లు: తొమ్మిది.

దిగుడు 80వ రోజు

వారం వారం పంపే పేజీలు కంపెనీ చదివినట్టుంది. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. ఇన్నాళ్లూ ఇంత తొందరగా ఏదీ రాలేదు. మన మిషను సీలు రద్దయింది, ఇక బుష్షులు పంపరు. పెట్టెలో కంపెనీవి రెండే మిగిలాయి. అవి రెండూ కలిపి ఒక వారం రావు. ఈ పూట ……… కిటికీలోంచి రెండు పాత ఇత్తడి గొళ్లేలు కిందికి వేశాడు.

“మామకియ్యక్కా. ఎవురిచ్చినారని మాత్రం రాయొద్దు” అన్నాడు. 

రాశాను. తర్వాత అతని పేరును రబ్బరుతో చెరిపాను. నేను ఈ పుస్తకంలో చెరిపింది ఇదొక్కటే, దానికే రబ్బరు సగానికి విరిగింది.

ఆగుళ్లు: తొమ్మిది.

దిగుడు 83వ రోజు

ఎనిమిది రోజులైంది. లెక్క ప్రకారం ఈ రోజు ముందుమార్పు. అన్నాలయ్యాయి, పొయ్యిలు ఆరాయి, గంట లేకపోయినా వరసంతా పడుకుంది. కంపెనీ బుష్షు ఒకటి విప్పి గుడ్డ మీద పెట్టుకున్నాను. మామ ఇరుసు దగ్గర నిలబడ్డాడు. స్పానరు నా చేతిలో ఉంది.

కంచు బుష్షు మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ముల్లు చూశాను. ముల్లు కూడా చల్లగానే ఉందంది. ఈసారి ముల్లును మార్చలేదు.

తీస్తే కంపెనీది వేయాలి, అది నాలుగు రోజుల్లో పగులుతుంది, పదో ఆగుడు. తీయకపోతే, గంట కంచు పెళుసు అని మామే అన్నాడు, ఒక ఉంగరం నా కళ్ల ముందే బీట ఇచ్చింది. ఈ పూటే పగిలితే అదీ పదో ఆగుడే. తిరుపాలు నడవనంటే నడవదు. మామ వైపు చూశాను. కదలని పూట కాబట్టి ఆయన మాట్లాడలేదు, సైగ కూడా చేయలేదు. ఎత్తిపట్టమంటే ఎత్తిపట్టడానికి సిద్ధంగా ఉన్నాడు, అంతే.

నా చెయ్యి తనంతట అదే నట్టు మీదికి పోయింది. ఏడేళ్ల అలవాటు. అరతిప్పు తిప్పాక ఆపాను. నట్టును మళ్లీ బిగించాను. స్పానరు కింద పెట్టి, మిషను పక్కన నేల మీద కూర్చున్నాను. మామ కూడా కూర్చున్నాడు. అది తిరుగుతోంది. వింటూ కూర్చున్నాం.

ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. వరసలో ఎక్కడా చిన్న అలికిడి లేదని ఉన్నట్టుండి తట్టింది. పేలిక వాలి మళ్లీ ఆడితే లేవమన్నాను. వాలలేదు. అందుకని ఎవరూ లేవలేదు. నూట పన్నెండు గడపల జనం ముప్పావుగంట నుంచి ఊపిరి పొదుపు చేసుకుంటూ పేలికల వైపు చూస్తూ పడి ఉన్నారు.

గడప గడపకూ పోయి లేవండి, లేవండి అని చెప్పాను. కొందరు నమ్మలేదు. “ఆగిందా?” అంటే లేదన్నాను. “ఆగకుండా ఎట్ల లేసేది?” అన్నారు. నలభయ్యో గడప అవ్వ పడుకునే నన్ను ఎగాదిగా చూసింది.

“చెడిపోయిందేమోనమ్మా, ఒకసారి విప్పి చూడు” అంది.

“విప్పను” అన్నాను.

చివరి గడపకు చేరేసరికి గొంతు బొంగురుపోయింది. తిరుపాలు పక్కకు తిరిగి, కడుపు మీద చెయ్యి వేసుకుని పడుకుంది. గోడ మీద పదో గీత గీయడానికి బొగ్గుముక్క దగ్గరే పెట్టుకుంది. రెండు పేలికలూ ఆడుతున్నాయి. తేలికది కదా, పసుపుపచ్చది ఇంకా ఎక్కువగా ఎగురుతోంది.

“అక్కా, ఇంకా వాలలేదే?”

“వాలదు. లేయి.”

“ఈ పొద్దు వాలదా, ఎప్పుడికీ వాలదా?”

తెలియనిదేదీ నేను ఇంతవరకు రాయలేదు, చెప్పలేదు.

“ఈ పొద్దు” అన్నాను. “రేపు మళ్లా అడుగు, రేపు చెప్తా.”

చెయ్యి చాపింది. బరువుగా ఉంది, రెండు చేతులతో పట్టి లేపవలసి వచ్చింది. లేచి నిలబడి బొగ్గుముక్క తీసి పొయ్యిలో వేసింది.

మార్చిన భాగం: ఏమీ లేదు.

ఆగుళ్లు: తొమ్మిది.